గర్భిణీ స్త్రీలు – రక్తహీనత, రక్తపుపోటు

బొంబాయి బట్టల మిల్లులలో పనిచేయు స్త్రీలు గర్భముతో నున్నపుడు పాలిపోయి, ఆయాసపడి, కొందరు ప్రాణములే కోల్పోవుచుండిరి. కారణము కనుగొనుటకై 1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు ఆ నగరమునకు వచ్చెను. వారి తిండిని, రక్తమును పరీక్షించి, ఇది క్రిములవలన వచ్చిన జబ్బు కాదనియు, ఆహారలోపమనియు తేల్చెను. ఈస్టుతో చేసిన మార్మైట్ అను చవుక పదార్థమును తినిపించగా వారు కోలుకొనిరి. ఈ సంగతి 1931లో ప్రకటితమైనది. అందలి గుణమునకే తరువాత ఫోలిక్ ఆమ్లమని పేరు వచ్చినది.

నేడు ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు ఉచితముగా నిచ్చు మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుముతోపాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము గలదు. అనగా బట్టల పనివారి కష్టమునుండి పుట్టిన మందు ఇది. అట్టి మందు మన మగ్గపు ఇండ్లలోనే గూటిలో మూలబడి యుండుట విచారకరము.

మానివేయుటకు చెప్పు కారణములు మనకు తెలియనివి కావు. బిడ్డ నల్లగా పుట్టునని పెద్దలందురు. అది వట్టి మాట. మలము నల్లబడును గాని అందువలన హాని లేదు. వికారమున్నచో రాత్రి భోజనమైన తరువాత వేసికొనవచ్చును. మగ్గము వద్ద టీ లేనిదే ప్రొద్దు గడవదు గదా! ఆ టీయే ఇనుమును ఒంటబట్టనీయదు. మాత్రకు ముందు వెనుకల ఒక గంటసేపైనను టీ త్రాగరాదు. నిమ్మరసము మేలు. కాల్షియము మాత్రను వేరొక పూట వేసికొనవలెను. నాల్గవ నెలనుండి రోజునకొకటి చొప్పున 180 దినములు, ప్రసవమైన పిదప మరల 180 దినములు వాడవలెను. రక్తము 11 పాళ్లకు తగ్గినచో రక్తహీనత; 7కు తగ్గినచో మాత్రలతో సరిపెట్టక పెద్ద ఆసుపత్రికి పోవలెను. ప్రసవ సమయమున ఒకరు తట్టుకొనగల రక్తస్రావము రక్తహీనురాలి ప్రాణము తీయును.

రెండవది రక్తపుపోటు. ఐదవ నెల దాటిన తరువాత పోటు 140/90 చేరి, మూత్రములో మాంసకృత్తులు కనబడినచో అది ముదిరి మూర్ఛగా మారవచ్చును. మన పెద్దలు గుర్రపువాతమన్నది దీనినే. గుంట మగ్గమున కాళ్లు వ్రేలాడవేసి కూర్చున్నవారికి సాయంత్రము పాదములు వాచి తెల్లవారుసరికి తగ్గుట సామాన్యమే. ముఖము, వ్రేళ్లు వాచుట, తగ్గని తలనొప్పి, చూపు మసకబారుట, రొమ్ము క్రింద నొప్పి – వీనిలో ఏదైనను కండెలు చుట్టుట ఆపి వెంటనే ఆసుపత్రికి పోవలసిన గుర్తు. వాపు లేదని ధైర్యపడరాదు. పోటు కొలిచిననే తెలియును. మెగ్నీషియము సల్ఫేటు సూదిమందు ఈ మూర్ఛ భయమును సగమునకు పైగా తగ్గించునని 33 దేశములలో పదివేలమందికి పైగా స్త్రీలపై జరిపిన పరిశోధన 2002లో తేల్చినది. అయితే ఆ మందు ఆసుపత్రిలోనే యుండును, ఇంటిలో నుండదు.

మనబోటి వలస కుటుంబములకు మరియొక చిక్కు గలదు. షోలాపురమునుండియో, భివండినుండియో అమ్మాయి ఏడవ నెలలో పుట్టింటికి తెలంగాణమునకు పోవును. చీరె సారెలు మరువరు, తల్లీబిడ్డల కార్డును మరతురు. మొదటి నెలలలో పోటు ఎంత యుండెనో తెలియనిదే, ఇప్పటి పోటు పాతదో క్రొత్తదో అక్కడి నర్సమ్మ ఎట్లు చెప్పగలదు? కార్డు మరాఠీలో నున్నను, అరవములోనున్నను, ఒడియాలోనున్నను పోటు అంకెలు ఆమెకు అర్థమగును. స్కానింగు కాగితములు, మిగిలిన మాత్రలు, ఇక్కడి నర్సు ఫోను నంబరు కూడ దానితో కట్టి పంపవలెను. దూరప్రయాణమునకు ముందు ఒకమారు పోటు చూపించుట మంచిది.

2016నుండి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు ఉచితముగా వైద్యుల పరీక్ష ఏర్పాటు చేసినారు. ఆ పూట మగ్గము నిలిపి, అత్తగారో భర్తయో వెంట వెళ్లవలెను.