పసిబిడ్డల జలశీర్షము



పసిబిడ్డ తల నానాటికి పెద్దదగుట చూచినవారు మీలో కొందఱైన నుందురు. తలకు నీరు పట్టినదని మనవారందురు. వైద్యులు దీనిని హైడ్రోసెఫలస్ అందురు. గ్రీకు భాషలో మొదటి పదమునకు నీరనియు, రెండవదానికి తల యనియు అర్థము. కాబట్టి జలశీర్షమని మనము నిస్సంకోచముగా చెప్పుకొనవచ్చును.

మెదడులోపల నాలుగు గదులు గలవు. వానిలో తేటనీటివంటి ద్రవము ఊఱి, సన్నని దారులవెంట వెలువడి, మెదడును చుట్టి, రక్తములో కలియును. పెద్దవారిలో దినమునకు అర లీటరు ఊఱును. ఒక సమయమున నిలిచియుండునది మాత్రము సుమారు 150 మిల్లీలీటర్లే. వచ్చు నీరు వచ్చుచుండగా అలుగు పూడిపోయిన చెఱువేమగునో మీకు నేను చెప్పనక్కఱలేదు. శిశువు కపాలపు టెముకలు ఇంకను అతుకుకొనియుండవు గనుక తల విస్తరించును, లోపల మెదడు నలిగి పలుచబడును.

ఇది యెంత తఱచు? పుట్టుకతోనే వచ్చునది వేయి కాన్పులకు ఇంచుమించు ఒకటి యని సాధారణముగా చెప్పుదురు. బడిపంతులు బుద్ధి యెక్కడికి పోవును, లెక్క వేసి చూతము. మూడువేల జనమున్న గ్రామములో ఏటికి ఏబది కాన్పు లనుకొందము. ఆ యూర ఇట్టి బిడ్డ ఇరువదియేండ్ల కొకతూరి పుట్టును. అందుచేతనే పెద్దలు దీనిని వింతగా నెంచి, గ్రహణము పట్టినదనియో, తల్లి చూడరానిది చూచినదనియో కథలు కల్పింతురు. ఆ తల్లి యే పాపము నెఱుగదు. అఱువదివేల జనమున్న మండలమును తీసికొన్నచో ఏటేట ఒక బిడ్డ లెక్కకు వచ్చును. ఇక వింత యెక్కడిది?

పుట్టిన పిమ్మట వచ్చునది వేఱు. 2018లో వెలువడిన యొక గణనము ప్రకారము ప్రపంచమున ఏటేట దాదాపు 4 లక్షలమంది పిల్లలకు ఈ రోగము క్రొత్తగా కలుగుచున్నది. లక్ష కాన్పులకు అమెరికా, కెనడాలలో 68 కాగా, ఆఫ్రికాలో 145, లాటిన్ అమెరికాలో 316. ఇంత భేద మేల?

ఉగాండా దేశమున ఎంబాలే పట్టణములో వార్ఫ్ అను శస్త్రవైద్యుడు 300 మంది పిల్లలను పరీక్షించి 2005లో ఫలితము ప్రకటించెను. వారిలో నూటికి అఱువదిమందికి ఈ రోగము అంటువ్యాధివలన వచ్చినది. అందును అధికభాగము పుట్టిన మొదటి నెలలోనే సోకినదట! మెదడుపొరలకు చీము పట్టి, మానిన పిదప మచ్చకట్టి నీటిదారి మూసికొనిపోయినది. అనగా ఆ బిడ్డలు మంచి తలతోనే పుట్టిరి. నెల నిండని శిశువునకు జ్వరము వచ్చినను, పాలు మానినను, మూర్ఛ వచ్చినను, మంత్రమునకై తిరుగక ఆ దినమే ఆసుపత్రికి కొనిపోవలెనని నేను గట్టిగా చెప్పుట ఇందుచేతనే.

వెన్నెముక మూసికొనక పుట్టిన బిడ్డలలో చాలమందికి తలకు నీరు చేరును. అట్టి బిడ్డను అదివఱకు కన్న తల్లులు గర్భమునకు ముందునుండి ఫోలిక్ ఆమ్లము పుచ్చుకొన్నచో, మరల అట్లు జరుగుట నాలుగింట మూడు వంతులు తగ్గునని 1991లో ఇంగ్లండున తేలినది. గర్భము తెలిసిన పిమ్మట మ్రింగిన మాత్ర ఇందు కాలస్యమే, ఏలన వెన్ను మొదటి నెలలోనే మూసికొనును.

గుర్తించుట కష్టము కాదు. మాడు ఉబ్బి బిగిసియుండును. నెత్తిపై నరములు తేలును. కనుగ్రుడ్లు క్రిందికి వాలి, పైన తెల్లన కనబడును. పుట్టినపుడు తల చుట్టుకొలత సుమారు 35 సెంటీమీటర్లు. మొదటి మూడు నెలలు నెలకు రెండేసి పెరుగును. అంతకు మించి పెరుగుచున్నచో ఆశా కార్యకర్తకు చూపుడు. దర్జీ టేపు చాలును.

మందులతో ఇది కుదురదు. చర్మము క్రిందుగా సన్నని గొట్టమువేసి ఆ నీటిని కడుపులోనికి మరలింతురు. షాజహాన్‌పురమున తయారగు చవుకైన ఛాబ్రా గొట్టమును, ఎన్నోరెట్లు వెలగల విదేశపు గొట్టమును ఆ యెంబాలేలోనే పోల్చిచూడగా, ఏడాదిలో ఫలితమున భేదము కానరాలేదు. కొందఱికి గొట్టమే లేకుండ, గది యడుగున రంధ్రముచేసి దారి కల్పింతురు. త్వరగా చేసినచో పెక్కుమంది బడికి పోయి చదువుకొందురు. అయితే గొట్టము పూడిపోవుట తఱచు. సగమువఱకు రెండేండ్లలో చెడును. గొట్టమున్న బిడ్డకు వాంతులు, మగత, తలనొప్పి కలిగినచో అజీర్ణమని ఊరకుండక, శస్త్రము చేసిన వైద్యునియొద్దకు ఆ పూటే బయలుదేరవలెను.