మోటారు సైకిలు సీటును గూర్చి రైతులకు కొన్ని మాటలు

ఎద్దు మెడమీద కాడి ఒరసి తోలు లేచినచో మన రైతు ఆ పూట అరక కట్టడు. కాడికి గోనెపట్టా చుట్టును, పుండునకు మందు రాచును, మానువరకు ఆ యెద్దునకు విశ్రాంతి నిచ్చును. ఇది తరతరములుగా వచ్చుచున్న మంచి యాచారము. కాని అదే రైతు గుంటలుపడిన మోటారు సైకిలు సీటుమీద ఏండ్ల తరబడి ప్రయాణముచేసి, సాయంకాలము నడుము పట్టుకొని మంచముమీద వాలి, "వయస్సు మీదపడినది" అని సమాధానపడుచున్నాడు. మూగజీవమునకు చూపు శ్రద్ధలో నాలవవంతైన తన యొడలికి చూపుకొనవలదా?

నాగార్జునసాగరము నీరు 1967వ సంవత్సరము ఆగస్టు 4వ తేదీన కాలువలకు వదలబడినది. ఎడమకాలువ క్రింద నిడమనూరు, మిర్యాలగూడ, కోదాడ ప్రాంతముల మెట్టభూములు మాగాణి అయినవి. మాగాణి రైతునకు తిరుగుడు హెచ్చు. ఉదయము నీరు కట్టుటకు, మధ్యాహ్నము కూలీలకు భోజనము చేర్చుటకు, సాయంకాలము మడవ చూచుటకు, నడుమ సొసైటీకి ఎరువులకొరకు, కోతలైనపిదప మిర్యాలగూడ మిల్లులకు ధాన్యము ధర తెలిసికొనుటకు పోవలసియుండును. 1980లో టి.వి.యస్. 50 మోపెడును, 1985లో హీరో హోండా సి.డి. 100 మోటారు సైకిలును వచ్చినపిమ్మట ఈ తిరుగుడంతయు క్రమముగా బండిమీదికి వచ్చినది. ఒక రైతు పొలము ఇంటికి 6 కిలోమీటర్ల దూరమున నున్నదనుకొందము. దినమునకు రెండుమారులు పోయివచ్చినచో 24 కిలోమీటర్లు. సంవత్సరమునకు 300 దినములు లెక్కించినను 7,200 కిలోమీటర్లు. అందు సగము కాలువకట్టల మీదను, గతుకుల డొంకల మీదను సాగునట్టిదే. ఇంత భారము మోయు పీఠమును గూర్చి విచారించుట అనవసరమైన పని కాదు.

నొప్పి కలుగుటకు కారణము

మనము కూర్చున్నప్పుడు దేహభారములో పెద్దభాగము పిరుదుల లోపలనుండు రెండు ఎముకల కొనలపై పడును. సీటు ఆ భారమును తొడలవరకు పరచి పంచవలయును. స్పాంజి అణగిపోయినచో ఎముకలు అడుగు రేకుమీద ఆనును. అచ్చట రక్తప్రసారము తగ్గి తిమ్మిరి పుట్టును. సీటు ముందునకు వాలియున్నచో మనిషి జారి టాంకునకు ఒత్తుకొనును. చేతులతో వెనుకకు నెట్టుకొనుటచే మణికట్లు, భుజములు నొచ్చును. సీటు మిక్కిలి పల్లమైనచో మోకాళ్లు ముడుచుకొనును. నడుము గూనివలె వంగును.

ఇంకొక సంగతి గలదు. సెకనునకు 4 మొదలు 8 మారులవరకు క్రిందుమీదుగా కలుగు ఊపు కూర్చున్న మనిషి యొడలిని హెచ్చుగా బాధించునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. మిక్కిలి మెత్తని స్పాంజి ఇట్టి ఊపును తగ్గించుటకు మారుగా ఒక్కొక్కప్పుడు హెచ్చించును. కాబట్టి దుకాణములో వ్రేలితో నొక్కి, "వెన్నవలె నున్నది" అని మురిసి కొనరాదు. నొక్కినప్పుడు దిగవలయును గాని అడుగు తగులరాదు. చేయి తీసినవెంటనే పైకి లేవవలయును. పరుపు సుఖము వేరు, సీటు సుఖము వేరు.

ముందు చూడవలసినవి

సీటును మార్చుటకు పూర్వము రెండు పనులు చేయుడు. ఇవి దాదాపు ఖర్చులేనివి. మొదటిది టైర్లలో గాలి. ఎంత యుండవలెనో బండితో నిచ్చిన పుస్తకములో నుండును. ఒక్కరికి ఒక లెక్క, ఇద్దరికి ఒక లెక్క. గాలి మితిమీరినచో ప్రతి రాయియు వెన్నునకు తగులును. రెండవది వెనుక షాకబ్జార్బర్లు. స్ప్లెండరు వంటి బండ్లకు వీనిని అయిదు మెట్లుగా బిగించుకొనవచ్చును. ఎరువుబస్తా వేసికొను దినమున బిగించి, ఒంటరిగా పోవు దినములలో వదులుచేసికొనవలయును. నూనె కారిపోయిన షాకబ్జార్బరుమీద ఎంత మంచి సీటు వేసినను ఫలము లేదు.

స్పాంజి సంగతి

పూర్వము మోటారు సైకిళ్లకు తోలుపీఠము, దాని క్రింద స్ప్రింగులు నుండెడివి. 1929లో ఇంగ్లాండులోని డన్‌లప్ కంపెనీవారు రబ్బరు పాలను గిలకొట్టి నురుగుచేసి మెత్తలు చేయు పద్ధతిని కనిపెట్టిరి. 1937లో జర్మనీ దేశమున ఓటో బేయరు అను రసాయన శాస్త్రజ్ఞుడు పాలియురితేను అను పదార్థమును తయారుచేసెను. నేటి సీట్లలోని స్పాంజి దానినుండి వచ్చినదే. దీనిలో బరువైనవి, తేలికవి అను భేదములు గలవు. ఒకే పరిమాణముగల రెండు ముక్కలను చేతబట్టి చూడుడు. తేలిక ముక్క చవుకగా దొరకును గాని త్వరలోనే పిండివలె రాలును.

అమర్చు పద్ధతి

పాత సీటు అడుగుపలక బాగుగానున్నచో క్రొత్త సీటు కొననక్కరలేదు. సీటు కుట్టువానియొద్ద కూర్చుండి ఈ విధముగా చేయించుకొనుడు.

1. కవరు పిన్నులను ఒక్కొక్కటిగా తీయించవలయును. పాత స్పాంజి తడిసియున్నచో నీడను పూర్తిగా ఆరబెట్టవలయును. తడిమీద అంటించిన ముక్క నిలువదు.

2. గుంటపడినచోట పైపొరను మాత్రము సమముగా కోసి, గట్టి స్పాంజి ఒక అంగుళము, దానిపైన కొంచెము మెత్తనిది అర అంగుళము అంటించవలయును. గట్టిది క్రింద, మెత్తనిది పైన. ఈ వరుస తప్పరాదు.

3. ఎత్తును చూచుకొనవలయును. స్ప్లెండరు సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు. అంగుళము పెరిగినచో 810 అగును. పొట్టివారికి నేల అందక, బురదగట్టుమీద బండి ఒరిగినప్పుడు కాలు ఆనక పడుదురు. కూర్చున్నప్పుడు రెండు పాదముల ముందుభాగములైన నేలకు గట్టిగా ఆనవలయును.

4. తొడలు ఆనుచోట సీటు వెడల్పుగాను, ముందుభాగము సన్నగాను, అంచులు గుండ్రముగాను ఉండవలయును. ముందునకు వాలు ఉండరాదు.

5. స్పాంజిమీద పలుచని ప్లాస్టిక్ కాగితము పరచి, ఆపైన రెగ్జిను తొడిగించవలయును. కుట్టు కూర్చుండు చోట రాకూడదు. కుట్టురంధ్రములగుండ వాననీరు దిగును. నునుపైన రెగ్జిను జారును, నల్లనిది రోహిణికార్తె యెండకు పెనమువలె కాలును. గరుకుగానుండు లేతరంగుది మేలు.

6. బిగించునప్పుడు ముందరి కొక్కెము చట్రములో దూరినదా, అడుగున రబ్బరు బొత్తాములన్నియు నున్నవా, వెనుక బోల్టులు గాని తాళము గాని పట్టినవా యని చూచి, రెండుచేతులతో పట్టి గట్టిగా కుదిపి చూడవలయును. కదలు సీటు మలుపులో ప్రాణాపాయము.

వెనుక కూర్చుండువారి మాట

రైతు తన సౌఖ్యము చూచుకొని, వెనుక కూర్చుండు ఇల్లాలిని, వృద్ధురాలైన తల్లిని మరువరాదు. మన స్త్రీలు చాలమంది ఒకవైపునకు తిరిగి కూర్చుందురు. వారికి వెనుకభాగము సమతలముగా నుండవలయును; వదులు కవర్లు, జారు గుడ్డలు వేయరాదు. పట్టుకొనుటకు పిడి, పాదము మోపుటకు మెట్టు, చీర చక్రములో చిక్కకుండ కాపుదల చట్రము, ఈ మూడును ఉండవలయునని 1989వ సంవత్సరపు మోటారు వాహనముల నిబంధనలు చెప్పుచున్నవి. సీటు వెడల్పు చేయించుటకై వీనిని విప్పి పారవేయుట తగదు. మోపెడు వెనుక సీటు తీసి బస్తాలు వేయుట మనయెడ సాధారణము. కాని ఆ ఖాళీ చోట మనిషిని కూర్చుండబెట్టరాదు. గట్టిగా బిగించిన సీటుమీద, ఒక్కరిని మాత్రమే వెనుక ఎక్కించుకొనవలెనని 1988వ సంవత్సరపు చట్టము 128వ సెక్షను శాసించుచున్నది.

ముఖ్యమైన హెచ్చరిక

పురుగుమందు డబ్బాలను సీటుమీద పెట్టి తెచ్చుట మిక్కిలి అపాయకరము. మూత వదులై కారిన మందును స్పాంజి పీల్చుకొనును. పైన రెగ్జినును కడిగినంతమాత్రమున లోపలి విషము పోదు. ఎండ వేడికి, కూర్చున్న బరువునకు అది కుట్టులగుండ పైకి ఊరి బట్టలకు అంటును. పురుగుమందులు అనేకములు చర్మముగుండ రక్తములో చేరును. ఆ సీటుమీదనే మరునాడు పిల్లవానిని బడికి కొనిపోవుదుము గదా! కావున మందులను మూతగల పెట్టెలో వేరుగా కట్టి తేవలయును. ఒకవేళ స్పాంజి తడిసినచో ఖర్చునకు వెనుదీయక దానిని, కవరును రెంటిని మార్చివేయవలయును. కొడవలి, పార మొదలగు పదునైన పనిముట్లను సైతము సీటుమీద పెట్టరాదు; చిన్న చిల్లు చాలును, వానకాలమంతయు నీరు త్రాగును.

సీటు మంచిదైనను గంటల తరబడి దిగకుండ పోరాదు. దూరప్రయాణమున అరగంటకో ముప్పావుగంటకో దిగి నాలుగడుగులు నడువుడు. నొప్పి నడుమునుండి కాలిలోనికి దిగినను, పాదము మొద్దుబారినను సీటును నిందింపక వైద్యునికి చూపించుకొనవలయును. మూత్రము పట్టు తప్పినచో ఒక్క పూటయైన ఆలస్యము చేయరాదు.

తుదకు ఒక సూచన. ఒక్కొక్కరు విడిగా పోయిన, దుకాణదారుడు ఇచ్చినదే స్పాంజి, చెప్పినదే ధర. ఒక గ్రామమున పదిమంది సభ్యులు కలిసి మంచిరకపు స్పాంజిపలకను, రెగ్జిను తానును ఒకేసారి కొని, నాట్లకు ముందు తీరికగానున్న వారములో కుట్టువానిని ఊరికి పిలిపించుకొన్నచో సరకు నాణ్యము కంటికి కనబడును, ఖర్చు తగ్గును, ఎవరి కొలతకు తగినట్లు వారికి అమరును. విత్తనములకు, ఎరువులకు పనికివచ్చిన సహకారము నడుము కాపాడుకొనుటకు ఏల పనికిరాదు? వచ్చు సమావేశమున సభ్యులు ఈ విషయమును ఆలోచింతురు గాక.