చిత్రకారులు కాపాడిన వనము

ఇటలీ దేశమున, రోము నగరమునకు తూర్పున, ఒలెవానో అను కొండయూరు కలదు. దాని చెంతనున్న సెర్పెంతారా యను ఓక్ చెట్ల వనము పందొమ్మిదవ శతాబ్దపు జర్మను చిత్రకారులకు పుణ్యక్షేత్రము వంటిది.

ఈ సీమ సొగసును మొదట చాటినవారిలో జోసెఫ్ ఆంటన్ కోఖ్ ముఖ్యుడు. ఇతడు 1768లో ఆల్ప్స్ పర్వతములలోని టిరోల్ సీమయందు జన్మించి, బాల్యమున పశువులను కాచెను. 1795లో రోము చేరి, పూర్వచిత్రకారులగు పుస్సేన్, క్లోద్ లొరేన్‌ల కృతులను శ్రద్ధతో పరిశీలించెను. ముందు మహావృక్షము, దాని నీడలో మందతో గొల్లవాడు, నడుమ ప్రాచీన కట్టడము, అల్లంత దూరమున కొండలు—ఇట్లు ప్రతి యంశమును తూచి నిలుపుట వారి పద్ధతి.

కోఖ్ మొదలగువా రా పద్ధతినే చేపట్టిరి. చెట్టును, రాతిని ఎదుట నిలిచి, ఉన్నదున్నట్లు పెన్సిలుతోను కలముతోను గీచుకొనెడివారు. పిదప వానిని ఏర్చి కూర్చి, ప్రాచీన కవులు వర్ణించిన ప్రశాంతసీమను కల్పించెడివారు. ఆ చిత్రములందలి గొల్లలకు కరవు లేదు, కలహము లేదు.

కాని లోకము చిత్రమువలె నుండదు. 1873లో రైలుపట్టాల క్రింద పఱచు దుంగల కొఱకు ఆ వనమును నఱకింప నిశ్చయించిరి. ఎడ్మండ్ కానోల్ట్ అను చిత్రకారు డిది తెలిసికొని తోడివారిని హెచ్చరించెను. వారందఱు ధనము పోగుచేసి, వనమును కొని, జర్మను చక్రవర్తికి కానుకగా నిచ్చిరి. గొడ్డలి యాగెను.

కాగితముపై గీచిన చెట్లమీది ప్రేమ నేలమీది చెట్లను బ్రదికించెను.