డయాలసిస్‌కు ముందున్న ఏళ్లు

2024 మార్చిలో అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ వైద్యులు జన్యువులు మార్చిన పంది కిడ్నీని ఒక రోగికి అమర్చారు. రెండు నెలలు తిరక్కుండానే ఆయన కన్నుమూశారు. అందుకు ఆ కిడ్నీ కారణమనడానికి ఆధారం లేదని ఆస్పత్రి చెప్పింది. తర్వాత అక్కడే మరొకరిలో అలాంటి కిడ్నీ 271 రోజులు పనిచేసింది. గొప్ప విషయమే. కానీ ఈ దశాబ్దంలో ఎక్కువమంది కిడ్నీలను నిలబెట్టగల మలుపు, షుగర్ రోగుల కోసం తయారైన ఓ మాత్రతో వచ్చింది. అది అందాల్సినవాళ్లలో చాలామందికి తమకు కిడ్నీ జబ్బు ఉన్న సంగతే తెలియదు. మన కిడ్నీ వైద్యం ముందుగా సరిదిద్దుకోవాల్సింది ఇక్కడే.

ఆ మాత్ర డాపాగ్లిఫ్లోజిన్. 21 దేశాల్లో 4,304 మంది కిడ్నీ రోగులతో జరిపిన పరిశోధన ఫలితాలు 2020లో వచ్చాయి. కిడ్నీ పనితనం సగానికి పడిపోవడం, డయాలసిస్ దాకా పోవడం, కిడ్నీ లేదా గుండె జబ్బుతో చనిపోవడం, వీటన్నిటినీ కలిపి లెక్కిస్తే ముప్పు 39 శాతం తగ్గింది. వారిలో దాదాపు మూడోవంతు మందికి షుగరే లేదు. వారికీ మేలు జరిగిందంటే, కారణం రక్తంలో చక్కెర తగ్గడం ఒక్కటే కాదన్నమాట. కిడ్నీ వడపోసిన చక్కెరను, దాంతోపాటు సోడియాన్ని, సన్నని నాళికలు తిరిగి రక్తంలోకి లాక్కుంటాయి. ఇది శ్రుతి మించితే నాళికలో కింద కాపలా ఉన్న కణాలకు సోడియం తక్కువగా చేరుతుంది. వడపోత చాలడం లేదని అవి పొరబడి, రక్తం వచ్చే దారిని వెడల్పు చేస్తాయి. లోపల ఒత్తిడి పెరిగి, వడపోత పొర ఏళ్ల తరబడి నలుగుతుంది. మాత్ర ఈ లాగుడును అడ్డుకుంటుంది, ఒత్తిడి దిగుతుంది. దాంతో వడపోత కాస్త నెమ్మదించి, మొదటి వారాల్లో రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం కాస్త పెరగొచ్చు. ఆ రిపోర్టు చూసి కంగారుపడి మాత్ర మానేస్తే, మేలు మొదలైనచోటే వైద్యం ఆగిపోయినట్టు. మరీ ఎక్కువ పెరిగితే మాత్రం డాక్టరు వేరే కారణం వెతకాల్సిందే.

మన దేశంలో దీని తొలి పేటెంటు గడువు 2020లో తీరింది. దేశీయ కంపెనీలు రంగంలోకి దిగాక ధర బాగా తగ్గింది. మరి అడ్డేమిటి? ఈ జబ్బు మొదట్లో నొప్పి పెట్టదు, రక్తపరీక్షలోనూ తొందరగా బయటపడదు. క్రియాటినిన్ కండరాల నుంచి పుట్టే వ్యర్థం. వడపోత దాదాపు సగం పోయేదాకా ఆ అంకె పెద్దగా కదలకపోవచ్చు. కండ తక్కువున్న బక్కపలచని మనిషిలోనైతే మరీ మోసం చేస్తుంది. అంతకంటే ముందే చాలామందిలో మూత్రంలోకి అల్బుమిన్ అనే ప్రోటీన్ జారుతుంది. అయినా ఏళ్లుగా షుగర్ మందులు వాడుతున్నవాళ్లకు సైతం దాన్ని పట్టే మూత్రపరీక్ష ఏటా జరగడం అరుదు.

ఊరందరికీ పరీక్షలు చేస్తే అనవసర భయాలు పుడతాయనే అభ్యంతరం ఉంది. నిజమే, జ్వరంలోనూ అల్బుమిన్ కనిపించవచ్చు. అందుకే షుగర్, బీపీ ఉన్నవాళ్లతో మొదలుపెట్టి, తేడా వస్తే మళ్లీ చూసి, మూడు నెలలు దాటినా అది నిలిచి ఉంటేనే జబ్బని తేల్చాలి. డయాలసిస్ మీద ఉన్నవాళ్ల మాటేమిటంటారా? వారికి పెట్టే ఖర్చులో పైసా తగ్గించకూడదు. వారానికి రెండు మూడుసార్లు, నాలుగేసి గంటలు యంత్రానికి అతుక్కుపోయే బతుకు కొత్తగా ఎందరికి తప్పుతుందన్నదే ఇక్కడి ప్రశ్న.

గట్టి అభ్యంతరం శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి వస్తుంది. కొబ్బరి, జీడి తోటల ఆ ప్రాంతంలో కిడ్నీ రోగులు చాలామందికి షుగర్ లేదు, బీపీ లేదు, మూత్రంలో అల్బుమిన్ కూడా పెద్దగా పోదు. నీళ్లా, ఎండలో ఒళ్లు విరిగే పనా, పురుగుమందులా, కారణం ఇంకా తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. పైన చెప్పిన మూత్రపరీక్ష ఉద్దానంలో చాలదు. చెమటోడ్చే కూలీలకు ఏటా క్రియాటినిన్ చూసి, పోయినేటి అంకెతో పోల్చాలి. 2020 పరిశోధనలో మూత్రంలో అల్బుమిన్ బాగా పోయేవాళ్లనే చేర్చుకున్నారు, కాబట్టి ఆ ఫలితాన్ని ఉద్దానానికి నేరుగా అంటగట్టలేం. 2022లో ఇదే కోవకు చెందిన ఎంపాగ్లిఫ్లోజిన్‌పై వెలువడిన పరిశోధనలో అల్బుమిన్ పోనివారూ ఉన్నారు. వారిలో కిడ్నీ క్షీణత వేగం తగ్గినా, డయాలసిస్‌నూ మరణాన్నీ తప్పించినట్టు స్పష్టంగా తేలలేదు. అక్కడ ఈ మాత్రలు పనికొస్తాయో లేదో తేలాలంటే, కవిటి, కంచిలి, సోంపేట మండలాల రోగులనే చేర్చుకుని ఏళ్లపాటు పరిశోధన జరపాలి. దానికి ఏటేటా నమోదైన ఆ క్రియాటినిన్ అంకెలే పునాది.