మొరాయించిన తోట ట్రాక్టరు

బిలాస్‌పూర్ రైలు పట్టణమన్న సంగతి పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే నాడు వెలసిన ఈ కూడలి, 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమైనది. ఉద్యోగరీత్యా వచ్చి ఇక్కడనే స్థిరపడిన తెలుగు కుటుంబాలు రైల్వే కాలనీలో నేటికీ కనిపిస్తాయి. అటువంటి ఇంటి పెద్ద ఒకరు ఆదుకొని ఉండకపోతే ఈ వ్యాసం వ్రాసే అవసరం మాకు కలిగేది కాదు.

మా టౌన్‌షిప్ ఉద్యానవనంలో ఒక చిన్న డీజిల్ ట్రాక్టరు ఉన్నది. వయస్సు మీరినదే గాని ఇంజను దృఢమైనది. నీళ్ల ట్యాంకరు లాగడం, పచ్చిక కోయడం దాని నిత్యకృత్యాలు. గత వేసవిలో దానికొక వింత జబ్బు పట్టుకున్నది. ఉదయం ఆరు గంటలకు తాళం తిప్పగానే లేచేది. పదకొండు గంటల వేళ, నాలుగు ట్యాంకర్ల నీరు పోసిన తరువాత ఆపితే మాత్రం మళ్లీ సెల్ఫ్ తీసుకునేది కాదు. టక్కుమని ఒక చిన్న శబ్దం, ఆపైన నిశ్శబ్దం. అరగంట చెట్టు నీడన నిలిపితే, ఏమీ ఎరుగనట్లు మళ్లీ లేచేది.

ఎల్లప్పుడూ ఉండే లోపాన్ని పట్టుకోవడం సులభం. వచ్చిపోయే లోపం అట్లా కాదు. మేము మొదట బ్యాటరీ మార్పించాము. వారం రోజులు బాగుండి మళ్లీ మొదలైనది. స్టార్టర్ మోటారును విప్పించి పట్టణంలోని మరమ్మతు దుకాణానికి పంపాము. బల్లమీద పెట్టి చూస్తే చక్కగా తిరిగింది. "దోషం లేదు" అని చీటీ వ్రాసి తిప్పి పంపారు. ఇక మిగిలింది డ్రైవరు చేతివాటమేనని మేము తీర్మానించుకున్నాము. ముప్పై ఏళ్ల అనుభవం ఒక్కొక్కసారి మనిషిని ఇట్లాగే తొందరపెడుతుంది.

డ్రైవరు తన ఉపాయం తాను కనిపెట్టుకున్నాడు. నేలమీద నిలబడి, స్టార్టరుపైనున్న సోలినాయిడ్ లావు బోల్టుకూ, దాని ప్రక్కనున్న సన్న తీగ కొసకూ మధ్య స్క్రూడ్రైవరు అడ్డుపెట్టేవాడు. ఇంజను లేచేది. మే నెలలో ఒకనాడు బండి గేరులో ఉన్న సంగతి చూసుకోలేదు. లేచిన బండి లేచినట్లే ముందుకు ఉరికి, పూలమడిలో కూర్చున్న మాలీ ప్రక్కనుండి గోడకు తగిలి ఆగింది. అతని మోచేయి చర్మం గీరుకుపోయింది. జానెడు ఇటు జరిగి ఉంటే మేము ఈ రోజు ట్రాక్టరు గురించి వ్రాస్తూ ఉండేవారం కాము. ఇటువంటి స్టార్టింగువల్ల ప్రాణాలే పోయిన ఉదంతాలు ప్రపంచమంతటా ఉన్నాయి. కేవలం దీనిని నివారించడానికే క్లచ్చి తొక్కితే గాని కరెంటు పోనివ్వని రక్షణ స్విచ్ ఒకటి అమర్చి ఉంటుంది. స్క్రూడ్రైవరు దానినే దాటవేస్తుంది.

ఆ సాయంత్రం రైల్వే కాలనీలోని పెద్దాయన ఇంటికి వెళ్లాము. ట్రైన్ లైటింగ్ విభాగంలో పనిచేసి రిటైరైనవారు. పెట్టెలలో 24 వోల్టుల దీపాలు వెలిగిన రోజులు చూసినవారు. తక్కువ వోల్టుల పనిలో ప్రతి అతుకూ ఒక సుంకపు గేటే అని ఆయన అనుభవం. 110 వోల్టులలో రెండు వోల్టులు పోతే ఎవరికీ తెలియదు, 12లో పోతే బండి కదలదు. మేము చెప్పినదంతా విని, "బాబూ, లేచినప్పుడు కొలిచి ఏమి లాభం? లేవనప్పుడు కొలవండి" అన్నారు. ఆగి, "స్క్రూడ్రైవరు పెడితే లేస్తున్నదంటే మీ బ్యాటరీ మంచిదే, మోటారూ మంచిదేగా" అన్నారు.

మందలించే తొందరలో ఆ సాక్ష్యాన్ని మేము వినలేదు. దుకాణంవారు బల్లమీద చేసినదీ అదే కదా, బ్యాటరీ నుండి నేరుగా సోలినాయిడ్‌కు తీగ కలపడం!

మరునాడు పదకొండింటికి మల్టీమీటరుతో కాచుకొని కూర్చున్నాము. బండి మొరాయించింది. గేరు తప్పించి, చక్రాలకు రాళ్లు పెట్టి, డ్రైవరును తాళం తిప్పి పట్టుకోమన్నాము. బ్యాటరీ కొసలవద్ద 12.2 వోల్టులు. సోలినాయిడ్ సన్న తీగ దగ్గర 7.6 మాత్రమే. 4.6 వోల్టులు దారిలో పోతున్నాయి. దారి వెంట ఒక్కొక్క చోట మీటరు పెట్టి చూడగా తాళం స్విచ్‌లో 2.9, క్లచ్చి స్విచ్‌లో 1.2, తక్కినది తుప్పు పట్టిన అతుకులలో తేలినది.

సోలినాయిడ్ తీగచుట్ట మొదటి లాగుడుకు చాలా ఆంపియర్లు కోరుతుంది. ఆ కరెంటంతా ఏళ్ల తరబడి తాళం స్విచ్ గుండా పోయి దాని అంచులను మాడ్చింది. ఉదయం చల్లగా ఉన్నప్పుడు ఎట్లాగో నెట్టుకొచ్చేది. రాగి నిరోధం డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున పెరుగుతుంది. ఇంజను వేడికి తీగచుట్ట 60 డిగ్రీలు వేడెక్కితే పాతిక శాతానికి దగ్గరగా పెరుగుదల. అసలే అరకొరగా వచ్చే కరెంటు ఇంకా తగ్గి, ప్లంజరు సగం దూరం కదిలి టక్కుమని ఆగిపోయేది. బిలాస్‌పూర్ మే నెల ఎండ గురించి ఇక్కడివారికి చెప్పాలా?

కొత్త తాళం స్విచ్, కొత్త క్లచ్చి స్విచ్ వేసి, ఒక 12 వోల్టుల రిలే అమర్చాము. ఇప్పుడు తాళం గుండా రిలేకు కావలసిన స్వల్ప కరెంటే పోతుంది. పెద్ద కరెంటు బ్యాటరీ నుండి ఫ్యూజు, లావు తీగ, రిలే మీదుగా నేరుగా సోలినాయిడ్‌కు చేరుతుంది. క్లచ్చి స్విచ్‌ను రిలే దారిలో తప్పనిసరిగా ఉంచాము. దానిని తీసివేసి "పని సులువు" చేసే మెకానిక్కులు ఉన్నారు, వారి మాట వినకండి. ఎర్తు తీగ కొసను కూడా గీకి శుభ్రం చేశాము. సన్న తీగ వద్ద ఇప్పుడు 11.7 వోల్టులు. ఖర్చు మేము వృథాగా కొన్న బ్యాటరీ వెలలో నాలుగో వంతు కాలేదు.

డ్రైవరుకు మేము క్షమాపణ చెప్పుకున్నాము. అతడు నవ్వి ఊరుకున్నాడు. మాలీ మాత్రం ట్రాక్టరు ఆగి ఉన్నా సరే, దాని ముందు కూర్చోవడం లేదు. వర్షాలు వెళ్లాక హారను మోగడం లేదని కొత్త ఫిర్యాదు వచ్చింది, అది కూడా అప్పుడప్పుడేనట. మీటరు తీసుకొని ఆదివారం వెళ్లాలి.