పాత లేతుకు కొత్త పార్టు: కొలత ఎక్కడ తీయాలి?

ట్రాక్టరు ఇరుసు అరిగినా, బోరు మోటారు షాఫ్టు వంగినా, జిన్నింగు మిల్లులో బేరింగు సీటు తినేసినా నరసరావుపేట, మాచర్ల, గురజాల వాళ్ళు పరిగెత్తేది లేతు షాపుకే. మరి ఆ లేతే అరిగిపోతే?

కంపెనీకి రాసి తెప్పించుకుందామంటే చాలాసార్లు కంపెనీయే ఉండదు. 1941లో హరిహర్‌లో మొదలైన మైసూర్ కిర్లోస్కర్ ఎప్పుడో మూతపడింది. 1953లో బెంగళూరులో పుట్టిన హెచ్.ఎం.టి. లేతులు కాస్త నయం. దేశమంతా ఉన్నాయి కాబట్టి విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పాత సామాను తిరగేస్తే ఏదో ఒకటి దొరకవచ్చు. అసలు తిప్పలు పంజాబులోని బటాలా, గుజరాతులోని రాజ్‌కోట్ చిన్న ఫౌండ్రీల నుంచి వచ్చిన లేతులతోనే. పైకి చూస్తే కవల పిల్లల్లా ఉంటాయి, ఒకదాని గేరు ఇంకోదానికి పట్టదు. నేమ్ ప్లేటు కూడా ఊడిపోయి ఉంటుంది.

అప్పుడు అందరికీ తోచే దారి ఒకటే: అరిగిన ముక్కను తీసుకెళ్ళి ‘ఇలాంటిదే చేసిపెట్టు మేస్త్రీ’ అనడం. చిక్కు అక్కడే మొదలవుతుంది. ఆ ముక్క ఇప్పుడు ఎంత ఉందో చెబుతుందే గానీ కొత్తలో ఎంత ఉండేదో చెప్పదు. దాన్ని ఉన్నదున్నట్టు కొలిచి చేస్తే, అరుగుదలను కూడా కలిపి చేసినట్టే.

అన్నీ చేయించాల్సిన పని లేదు. బేరింగు ఎప్పుడూ కొనాల్సిందే. రింగు మీద నంబరు సగం చెరిగినా చివరి రెండు అంకెలు కనిపిస్తే లోపలి రంధ్రం తెలిసిపోతుంది. 04, అంతకంటే పెద్ద అంకెలైతే 5తో గుణించాలి. 6205 అంటే 25 మి.మీ. చక్ కూడా అంతే. ఒక కంపెనీ జాలు (చక్ దవడలు) ఇంకో కంపెనీ చక్‌లో కూర్చోవు. జాలు పాడైతే వాటి జత కోసం ఏళ్ళ తరబడి వెతికే బదులు కొత్త చక్ కొని, దాని బ్యాక్ ప్లేటును అదే లేతు స్పిండిల్ మీద బిగించి అక్కడే చెక్కుకుంటే చక్ ఊగకుండా తిరుగుతుంది.

చేయించాల్సినవాటిలో మొదటిది క్రాస్ స్లైడ్ స్క్రూ, దాని నట్టు. హ్యాండిల్ పావు చుట్టు తిప్పినా టూలు కదలకపోతే నేరం సాధారణంగా నట్టుదే. గన్ మెటల్‌తో చేసేదే అందుకు, ఖరీదైన స్క్రూ కంటే ముందు చవకది అరగాలని. అయితే స్క్రూ కూడా మధ్యలో అరుగుతుంది. అక్కడికి సరిపోయేలా కొత్త నట్టు చేస్తే చివర్లకు వచ్చేసరికి బిగుసుకుంటుంది. చివర్లకు సరిపెడితే మధ్యలో మళ్ళీ లూజు. అందుకే రెండూ కలిపి మార్చాలి. కొలత మాత్రం నట్టు ఎప్పుడూ వెళ్ళని చివరి మరల దగ్గరే తీయాలి.

మరల దూరాన్ని ఒక మర మీద కొలిస్తే మోసపోతాం. పది మరలకు కొలవాలి. 50 మి.మీ. వస్తే మిల్లీమీటరు లెక్క, 50.8 వస్తే అంగుళానికి ఐదు మరలు. ఒక మరకు తేడా 0.08 మి.మీ. మాత్రమే. కానీ ఐదు మిల్లీమీటర్లని కోసిన పొడవాటి నట్టు అంగుళం స్క్రూ మీద నాలుగు చుట్లు తిరిగి ఆగిపోతుంది. డయల్ మీద .001 అని రాసి ఉంటే అంగుళం లేతే అనుకోవచ్చు. ఇంకో జాగ్రత్త: ఈ స్క్రూకు చాలా లేతుల్లో ఎడమ మర ఉంటుంది, హ్యాండిల్ కుడివైపు తిప్పితే టూలు లోపలికి పోవాలి గనక. మరిచిపోయి మామూలు మర కోస్తే అన్నీ సరిగ్గా కుదురుతాయి, టూలు మాత్రం వెనక్కి నడుస్తుంది. నట్టు లోపలి మరను సన్నని బోరింగు బారుతో కోయడం కష్టం. తెలిసినవాళ్ళు స్క్రూ కోసేటప్పుడే అదే కొలతలో ఇంకో ముక్క కోసి, దానికి గాడులు తీసి, కాల్చి గట్టిపరచి, ట్యాపుగా వాడతారు.

గేర్ల సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. పన్ను పక్కలు అరుగుతాయి గానీ నెత్తి పెద్దగా అరగదు. కాబట్టి మూడు పళ్ళు విరిగిన గేరు కూడా తన లెక్క చెప్పగలదు. పళ్ళు లెక్కపెట్టి రెండు కలపాలి, బయటి వ్యాసాన్ని దాంతో భాగించాలి. 40 పళ్ళ గేరు 84 మి.మీ. ఉంటే మాడ్యూలు (మిల్లీమీటరు లెక్కలో పన్ను సైజు) 2. అదే 40 పళ్ళకు 66.7 మి.మీ. వస్తే ఏ మాడ్యూలుకూ కుదరదు. అప్పుడు అంగుళాల్లోకి మార్చి తిరగేసి భాగించాలి, 42ను 2.625తో. సరిగ్గా 16 వస్తుంది. అది 16 డీపీ (అంగుళం లెక్కలో పన్ను సైజు) గేరు. పాత అంగుళం గేర్లలో పన్ను వాలు పద్నాలుగున్నర డిగ్రీలు ఉండవచ్చు, ఇప్పటివి 20. కట్టర్ ఎంచే ముందు ఇది చూడకపోతే కొత్త గేరు అరుస్తూ తిరుగుతుంది. మరలు కోయడానికి మార్చుకునే గేర్లలో ఒక పన్ను విరిగితే ఇత్తడి బ్రేజింగు వేసి ఆకురాయితో రుద్దినా చాలాకాలం నడుస్తుంది. హెడ్ స్టాక్ లోపలి గేరుకు మాత్రం ఆ అతుకు వద్దు.

ఈ మార్చుకునే గేర్లలో తరచూ మాయమయ్యేది 127 పళ్ళది. అంగుళం 25.4 మి.మీ., దాన్ని ఐదుతో గుణిస్తే 127. అంగుళం లేతు మీద మిల్లీమీటరు మరను కచ్చితంగా కోయడానికి ఆ గేరు కావాలి. చేయించడమూ తేలిక కాదు. 127ను ఏ సంఖ్యా భాగించదు కాబట్టి మిల్లింగు మిషను మీది డివైడింగ్ హెడ్ మామూలు ప్లేట్లతో అది రాదు, హాబింగు మిషను ఉన్నచోట అడగాలి. నన్నడిగితే అంత దూరం పోనక్కర్లేదు. 100, 127 పళ్ళ జత బదులు 63, 80 జత వేస్తే వచ్చే తేడా ఎనిమిది వేలలో ఒక వంతు. బోల్టులకూ పంపు స్టడ్డులకూ అది కనిపించదు.

పోత ఇనుము ముక్క విరిగితే మళ్ళీ పాత తంటాయే. విరిగినదాన్ని అతికించి దాన్నే ప్యాటర్నుగా ఇసుకలో పెట్టి పోయిస్తే కొత్తది చిన్నగా వస్తుంది. పోత ఇనుము చల్లారేటప్పుడు దాదాపు నూటికి ఒకటి చొప్పున ముడుచుకుంటుంది, అంటే 300 మి.మీ. బ్రాకెట్టు 3 మి.మీ. తగ్గుతుంది. దానికి తోడు చెక్కాల్సిన ముఖాల మీద మరో 3 మి.మీ. దాకా మందం వదలాలి. చెక్క ప్యాటర్ను ఖర్చు దండగ అనిపిస్తుంది గానీ, తరవాత రంధ్రాలు కలవక తలపట్టుకోవడం కంటే నయం.

ఇవన్నీ చేయించే ముందే చూడాల్సింది బెడ్. పని ఎక్కువగా చక్ పక్కనే జరుగుతుంది కాబట్టి బెడ్ అక్కడే ఎక్కువ అరుగుతుంది. చక్ దగ్గర క్యారేజీని లూజు లేకుండా సర్ది, టెయిల్ స్టాక్ వైపు నెట్టి చూడండి. మధ్యలోనే బిగుసుకుపోతే బెడ్ తినేసిందని అర్థం. దానికి స్పేరు ఉండదు, పెద్ద గ్రైండింగు మిషను మీద చెక్కించాల్సిందే. లేతు విలువ అంత ఖర్చును మోయలేకపోతే దాన్ని బుష్‌లకూ, ఫేసింగుకూ, రంధ్రాలు వేయడానికీ ఉంచుకుని, పొడవు షాఫ్టులు పక్క షాపుకు పంపడం మేలు.