ఉత్తరాన ఉద్యోగం, చేతిలో ఉత్తరం: అపోహలు – వాస్తవాలు

బందరు కోనేరు సెంటర్‌లో బస్సు కోసం నిలబడి ఉంటే, నాగాయలంక నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు ఫోను నా చేతికిచ్చి, "ఇది కాస్త చదివి చెప్పండి మాస్టారూ. టిమ్మిన్స్ అంటే ఎక్కడండీ?" అన్నారు. ఆయన కొడుకు ఐటీఐలో డీజిల్ మెకానిక్ చేసి నాలుగేళ్ళుగా ట్రాక్టర్లూ, వేట బోట్ల ఇంజన్లూ బాగుచేస్తున్నాడు. ఫోనులో ఉన్నది కెనడా నుంచి వచ్చిందంటున్న ఉద్యోగపు ఉత్తరం. ఒంటారియో రాష్ట్రంలో బాగా ఉత్తరాన ఉన్న టిమ్మిన్స్‌లో గని యంత్రాల మెకానిక్ పనట. ఇంగ్లీషులో తప్పుల్లేవు, రంగుల ముద్ర ఉంది, జీతం డాలర్లలో ఉంది. లేనిదల్లా ఒకటే, ఆ కుర్రాణ్ణి ఇంతవరకూ ఎవరూ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఏజెంటుకి ఎనిమిది లక్షలు ఇస్తే మిగతాదంతా అతనే చూసుకుంటాడట.

అమెరికా కబుర్లు మన వైపు పాతవే. ఈమధ్య బందరు, గుడివాడ, అవనిగడ్డ ఇళ్ళల్లో కెనడా ఉత్తరాది పట్టణాల పేర్లు కూడా వినబడుతున్నాయి: సడ్బరీ, థండర్ బే, నార్త్ బే, సూ సెయింట్ మరీ. పిల్లలు అక్కడి కాలేజీలకు వెళ్తున్నారు, కొందరు పనికీ వెళ్దామనుకుంటున్నారు. పేర్ల వెనకే పుకార్లూ వచ్చాయి. అందులో సగం భయపెట్టేవి, సగం ఊరించేవి. భయపెట్టేవాటితో పెద్దగా నష్టం లేదు. ఊరించేవే పొలాన్ని తాకట్టు పెట్టిస్తాయి.

అపోహ: అది ధ్రువం పక్కనే, ఆరు నెలలు చీకటే

పటం తీసి చూస్తే టిమ్మిన్స్ అక్షాంశం దాదాపు 48.5 డిగ్రీలు, పారిస్‌ది 48.9. అంటే మనం మరీ ఉత్తరాన ఉందనుకుంటున్న ఊరు పారిస్ కంటే కాస్త దక్షిణాన ఉంది. డిసెంబరులో కూడా అక్కడ ఎనిమిది గంటల పైన పగలు ఉంటుంది. ఆరు నెలల చీకటి అచ్చంగా ధ్రువం మీది సంగతి. ఇంకా ఎంతో పైన, 62 డిగ్రీల దగ్గరున్న యెల్లోనైఫ్‌లోనూ ఆ నెలలో రోజుకి ఐదు గంటల దాకా వెలుగు వస్తుంది.

చలి మాత్రం పుకారు కాదు. జనవరి రాత్రుల్లో మైనస్ 20లు మామూలు, మైనస్ 40 తాకే రాత్రులూ ఉంటాయి. కారు ఇంజను గడ్డకట్టకుండా రాత్రంతా కరెంటు ప్లగ్గు పెట్టి వేడిగా ఉంచుతారు. మే నెలలో బందరు ఎండకు మనం నడినెత్తిన తువ్వాలు వేసుకున్నట్టే వాళ్ళు పొరలు పొరలుగా దుస్తులు వేసుకుని పనికి పోతారు. తుఫాను జెండా ఎగరేస్తే వేటకు పోని దివిసీమ మనిషికి, మంచు తుఫాను రోజు కారు బయటికి తీయకూడదని ఒకరు చెప్పక్కర్లేదు.

మంచు తప్ప ఏమీ లేదన్నదీ నిజం కాదు. 1883లో రైలు మార్గం వేస్తుండగా సడ్బరీ దగ్గర ఖనిజం బయటపడింది. ఆ ఊరు నికెల్‌కు ప్రపంచంలోనే పేరుపడింది. టిమ్మిన్స్ చుట్టుపక్కల 1909లో బంగారం దొరికింది, నేటికీ తవ్వుతున్నారు. సూ సెయింట్ మరీలో ఉక్కు కర్మాగారం ఉంది. థండర్ బే మహా సరస్సుల ఒడ్డున ఉన్న రేవు, పడమటి మైదానాల గోధుమ అక్కడే ఓడలకెక్కుతుంది. రేవుపట్నంలో పుట్టినవాళ్ళకు ఆ ఊరి ప్రాణం ఎక్కడుందో తేలిగ్గానే అర్థమవుతుంది.

అపోహ: మనుషులే లేరు కాబట్టి ఎవరు వెళ్ళినా ఉద్యోగం ఇస్తారు

మనుషులు తక్కువైతే ఉద్యోగాలూ తక్కువే ఉంటాయి. ఈ ముక్క మనవాళ్ళకు తోచదు. 2021 లెక్కల్లో టిమ్మిన్స్ జనాభా 41 వేలు. గుడివాడలో 2011లోనే లక్షా 18 వేలమంది ఉన్నారు. గుడివాడలో సగం కూడా లేని ఊరు, అందులో పెద్ద యజమానులంటే ఆసుపత్రి, గనులు, కాలేజీ, మునిసిపాలిటీ, కొన్ని దుకాణాలు. నాలుగు తలుపులు తడితే ఊరైపోతుంది.

కొరత ఉన్నమాట నిజమే, కానీ అది అన్నింట్లోనూ లేదు. నర్సులు, వృద్ధుల సంరక్షణ సహాయకులు, పసిపిల్లల టీచర్లు, వెల్డర్లు, భారీ యంత్రాల మెకానిక్కులు, లారీ డ్రైవర్లు, వంటవాళ్ళు కావాలి. అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు చేసి "ఏదో ఒక సాఫ్ట్‌వేర్" అని వెళ్ళే బీటెక్ కుర్రాడికి అక్కడ కుర్చీ దొరకడం కష్టం. బీటెక్ వాళ్ళకి నచ్చకపోయినా చెప్పక తప్పదు, ఈ విషయంలో నాగాయలంక డీజిల్ మెకానిక్కే వాళ్ళకంటే ఒక మెట్టు పైన ఉన్నాడు.

ఈ కొరత తీర్చుకోవడానికే కెనడా ప్రభుత్వం 2019లో గ్రామీణ, ఉత్తర ప్రాంతాల కోసం ఒక ప్రయోగాత్మక వలస పథకం పెట్టింది. అందులో 11 పట్టణాలు ఉండేవి. అది 2024 ఆగస్టుతో ముగిసింది. 2025లో 14 పట్టణాలతో కొత్తది వచ్చింది. పైన చెప్పిన ఐదు ఊళ్ళూ రెండింటిలోనూ ఉన్నాయి. కొత్తదానిలో ఏ రంగాలకు, ఏ వృత్తులకు మనుషులు కావాలో పట్టణమే నిర్ణయించుకుంటుంది. ఎవరు ఉద్యోగం ఇవ్వవచ్చో కూడా పట్టణమే గుర్తిస్తుంది. గుర్తింపు లేని యజమాని ఇచ్చిన ఉత్తరం ఈ పథకంలో చెల్లదు. పనిచేసిన అనుభవం, భాషా పరీక్ష, చదువు, చేతిలో కొంత డబ్బు, ఆ ఊళ్ళోనే ఉండాలన్న ఉద్దేశం, ఇవన్నీ చూస్తారు. ఒక్కో ఊరికి ఇచ్చే సిఫార్సులకు పరిమితి ఉంది. కొన్ని ఊళ్ళు ఇప్పటికే తమ దగ్గర పనిచేస్తున్నవాళ్ళకు ముందు చోటిస్తాయి. "ఊరు ఖాళీగా ఉంది, వెళ్ళి కూర్చోవడమే" అనేవాళ్ళు ఈ సంగతులేవీ చెప్పరు.

అపోహ: ఆఫర్ లెటరుకి డబ్బు కట్టడం మామూలే

ఇక్కడ కాస్త ఆగుదాం, ఇళ్ళు గుల్లయ్యేది ఈ మాట దగ్గరే.

స్థానికులు దొరకనప్పుడు విదేశీయుణ్ణి పెట్టుకోవడానికి కెనడా యజమాని అక్కడి ప్రభుత్వం దగ్గర తెచ్చుకునే అనుమతిని ఎల్ఎంఐఏ అంటారు. దాని రుసుము ఒక్కో ఉద్యోగానికి 1,000 డాలర్లు. కట్టాల్సింది యజమాని. ఆ డబ్బును పనివాడి దగ్గర వసూలు చేయడం చట్టవిరుద్ధం. పైన చెప్పిన పట్టణాల పథకంలో అయితే ఎల్ఎంఐఏ అవసరమే లేదు. మరి "ఎల్ఎంఐఏ ఖర్చు ఎనిమిది లక్షలు" అన్న లెక్క ఎక్కడిదంటే, అది ఏజెంటు కడుపులోది. ఇలా అమ్ముడవుతున్న ఉత్తరాల బెడద కెనడాకూ తెలుసు. పాయింట్లు చూసి శాశ్వత నివాసానికి ఎంపిక చేసే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతిలో ఉద్యోగ ఆఫర్ ఉంటే 50 గానీ, 200 గానీ అదనపు పాయింట్లు వచ్చేవి. 2025 మార్చి 25 నుంచి కెనడా ఆ పాయింట్లు తీసేసింది. మన ఏజెంట్లలో కొందరు ఇంకా ఆ పాయింట్లు చూపించే బేరమాడుతున్నారు.

మన చట్టం కూడా ఊరుకోలేదు. విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపేవాళ్ళు 1983 వలసల చట్టం కింద రిజిస్టరై ఉండాలి. ఆ జాబితా ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడవచ్చు. రిజిస్టరైన ఏజెంటు సేవా రుసుముగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు, రసీదు ఇవ్వాలి. స్టూడెంట్ వీసా కన్సల్టెన్సీ బోర్డు పెట్టుకున్నవాడికి ఉద్యోగాలిప్పించే లైసెన్సు ఉన్నట్టు కాదు. ఇక కెనడా వీసా దరఖాస్తును డబ్బు తీసుకుని నడపాలంటే అక్కడి లైసెన్సున్న కన్సల్టెంటో, లాయరో అయి ఉండాలి. వాళ్ళ పేర్లూ బహిరంగంగానే ఉంటాయి.

ఉత్తరం దొంగదని తేలితే ఏజెంటు ఫోను మార్చుకుంటాడు. దరఖాస్తు మీద సంతకం మాత్రం కుర్రాడిది. తప్పుడు పత్రం పెట్టినట్టు రుజువైతే కెనడా ఐదేళ్ళపాటు రానివ్వదు. "మాకు తెలియదండీ" అన్నా చాలాసార్లు వినరు.

వెనకటికి మన కోస్తా నుంచి బర్మాకు కూలీలను తీసుకెళ్ళిన మేస్త్రీలు ముందే అడ్వాన్సు ఇచ్చి, ఆ బాకీతో మనిషిని కట్టిపడేసేవారు. పాపిష్ఠి పద్ధతే, కానీ అక్కడ డబ్బు మేస్త్రీ చేతిలోంచి కూలీ చేతిలోకి వెళ్ళేది. ఇప్పుడు కూలీయే మేస్త్రీకి అడ్వాన్సు ఇస్తున్నాడు.

అపోహ: చదువుకెళ్తే చాలు, ఉద్యోగమూ, పీఆరూ (శాశ్వత నివాస హక్కు) వెంటపడి వస్తాయి

కొన్నేళ్ళ కిందట ఇందులో కొంత నిజం ఉండేది. 2024 జనవరిలో స్టడీ పర్మిట్ల మీద పరిమితి వచ్చింది. అదే ఏడాది నవంబరు నుంచి చదువు తర్వాత పని చేసుకునే పర్మిట్‌కు భాషా పరీక్ష తప్పనిసరి చేశారు. డిప్లొమా కోర్సులైతే కొరత ఉన్న రంగాల జాబితాలో ఉండాలి. ఏ కోర్సు చేసినా పర్మిట్ వచ్చే రోజులు పోయాయి.

ఇంకో తిరకాసు ఉంది. ఉత్తరాది ప్రభుత్వ కాలేజీలు కొన్ని ప్రైవేటు భాగస్వాములతో టొరంటో ప్రాంతంలో తరగతులు నడిపేవి. అడ్మిషన్ ఉత్తరం మీద ఉత్తరాది పేరు, క్లాసు మాత్రం మహానగరంలో. అలాంటి కోర్సుల్లో 2024 మే 15 తర్వాత చేరినవాళ్ళకు చదువయ్యాక పని పర్మిట్ రాదు. అందుకే కాలేజీ పేరుతో సరిపెట్టుకోకండి, తరగతి గది ఏ ఊళ్ళో ఉందో అడగండి.

"పార్ట్‌టైం చేసి ఫీజు కట్టేస్తాడు" అనే తండ్రుల కోసం ఒక చిన్న లెక్క. చదువు సాగుతున్నప్పుడు కాలేజీ బయట వారానికి 24 గంటలే పని. ఒంటారియోలో కనీస వేతనం 2025 అక్టోబరు నుంచి గంటకు 17.60 డాలర్లు. వారమంతా పని దొరికినా కోతలకు ముందు 422 డాలర్లు. అందులోంచే గది అద్దె, తిండి, బస్సు, చలికోటు. అద్దె టొరంటోకంటే తక్కువే, కానీ కూరగాయలు దూరం నుంచి రావాలి, ఆరునెలలు ఇల్లు వెచ్చబెట్టుకోవాలి. ఫీజు మాట మర్చిపోండి.

అపోహ: మన అనుభవం అక్కడ చెల్లని కాసు

కొన్నింటికి చెల్లదు, కొన్నింటికి చెల్లుతుంది. నర్సుకి ఒంటారియో నర్సుల కాలేజీ రిజిస్ట్రేషన్ కావాలి. పేరులో కాలేజీ ఉన్నా అది పాఠాలు చెప్పేది కాదు, లైసెన్సులిచ్చే సంస్థ. లైసెన్సున్న ఇంజనీరుగా సంతకం పెట్టాలంటే అక్కడి ఇంజనీర్ల సంఘం ఒప్పుకోవాలి. కాకపోతే కెనడాలోనే పనిచేసి ఉండాలన్న షరతును వాళ్ళు 2023 మేలో ఎత్తేశారు. మిగిలిన చాలా పనులకు యజమాని నమ్మితే చాలు.

ఆ నమ్మకం కాగితం మీద మొదలవుతుంది, మన బయోడేటా అక్కడే తడబడుతుంది. తండ్రి పేరు, పుట్టిన తేదీ, పెళ్ళయిందా లేదా, ఫొటో, కింద "పై వివరాలన్నీ సత్యమని" ప్రమాణం, ఇవేవీ అక్కడ రాయరు. "ట్రాక్టర్ మెకానిక్, 4 ఏళ్ళు" అంటే చాలదు. ఎన్ని హెచ్‌పీ ఇంజన్లు, హైడ్రాలిక్స్ విప్పాడా, వెల్డింగ్ వచ్చా, రెండు పేజీల్లో అది చెప్పాలి. వరి కోత యంత్రం సీజన్ మధ్యలో ఆగిపోతే రాత్రికి రాత్రి చేలోనే బాగుచేసిన అనుభవం గని యజమానికి బాగా అర్థమవుతుంది. మనవాళ్ళు దాన్నే రాయరు, అదీ ఒక గొప్పేనా అనుకుంటారు.

అపోహ: వంద చోట్ల ఆన్‌లైన్‌లో పడేస్తే ఒకటైనా తగులుతుంది

చిన్న ఊళ్ళో ఉద్యోగం నోటిమాట మీద నడుస్తుంది, చల్లపల్లి అయినా టిమ్మిన్స్ అయినా అంతే. కెనడా ప్రభుత్వ జాబ్ బ్యాంక్‌లో వెతకడం ఉచితం. విదేశాల నుంచి దరఖాస్తులు తీసుకునే యజమానులెవరో అందులోనే తెలుస్తుంది. వంద కంపెనీలకు ఒకే కాగితం పంపేకంటే పది కంపెనీల గురించి చదివి, పదింటికీ వేర్వేరుగా రాసి, వారం తర్వాత ఫోను చేయడం మేలు. వాళ్ళ ఉదయం 9 గంటలంటే చలికాలంలో మనకు రాత్రి 7.30, వేసవిలో 6.30.

ఇంకొకటి, మనవాళ్ళు ఆఖరున గుర్తుచేసుకునేది. ఆ ఊళ్ళలో కారు లేకపోతే సగం ఉద్యోగాలు లేనట్టే. మన లైసెన్సుతో ఒంటారియోలో 60 రోజులే నడపవచ్చు. తర్వాత అక్కడి పరీక్షలు రాయాలి. మెట్టు మెట్టుకీ మధ్య నెలల తరబడి ఆగాలి. ఇక్కడ ఎన్నేళ్ళు నడిపాడో చూపే ఎక్స్‌ట్రాక్టు ఆర్టీవో ఆఫీసు నుంచి వెంట తీసుకెళ్తే ఆ నిరీక్షణ తగ్గుతుంది. వెళ్ళాక అక్కణ్ణుంచి తెప్పించుకోవడం ఎంత ప్రయాసో, ఆర్టీవో ఆఫీసు గుమ్మం ఎక్కినవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

అపోహ: పీఆర్ వచ్చేదాకా ఉండి టొరంటో పోతే సరి

పీఆర్ వచ్చాక దేశంలో ఎక్కడైనా ఉండే హక్కు అక్కడి రాజ్యాంగమే ఇస్తుంది. అయితే ఉండే ఉద్దేశం లేకుండానే ఉందని రాసి తెచ్చుకుంటే అది అబద్ధం కిందికి వస్తుంది. టొరంటో నుంచి టిమ్మిన్స్ దాదాపు 700 కిలోమీటర్లు, థండర్ బే దానికి రెట్టింపు. శనివారం వెళ్ళి ఆదివారం వచ్చే దూరాలు కావు. ఒక ఏడాది ఉండలేననుకునేవాడు వెళ్ళకపోవడమే అందరికీ మంచిది.

ఇదంతా బస్సొచ్చేలోపు చెప్పలేక, ఆ పెద్దాయన్ని ఒక్క పని చేయమన్నాను. ఉత్తరంలో ఉన్న నంబరు వదిలేసి, ఆ కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న చిరునామాకి కుర్రాణ్ణే రాయమనండి అని. మూడోరోజు సాయంత్రం ఆయన ఫోను చేశారు. తాము ఎవరికీ అలాంటి ఉత్తరం పంపలేదని రెండు ముక్కల్లో జవాబొచ్చిందట.

"అడ్వాన్సేమైనా ఇచ్చారా?" అన్నాను.

"యాభై వేలండీ."

"రసీదు?"

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పోలీసు స్టేషనుకి రేపు వెళ్తామండీ" అన్నారు. మరి అబ్బాయి ఏం చేస్తున్నాడని అడిగితే, లైసెన్సు ఎక్స్‌ట్రాక్టు కోసం పొద్దున్నే ఆర్టీవో ఆఫీసుకి వెళ్ళాడట, ఇంకా రాలేదట.